కొనే ముందు కొలవండి: పాత గేమింగ్ కంప్యూటర్‌ను తక్కువ ఖర్చుతో నిలబెట్టే పద్ధతి

మా మేనల్లుడు తన కంప్యూటర్‌ను మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టేసరికే నిర్ణయం జరిగిపోయింది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలి, అది ఏదో నేను చెప్పాలి, అంతే. "కార్డు మార్చేస్తే సరిపోతుంది కదా మామయ్యా?" అన్నాడు. 2017లో కట్టించిన యంత్రం అది: రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 కార్డు, ఒక పెద్ద హార్డ్ డిస్క్. పక్క పలక విప్పితే లోపల దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. 3200 వేగం అని రాసి ఉన్న ర్యామ్ 2133 దగ్గరే నడుస్తోంది. అతను రోజూ ఆడే గేములో గ్రాఫిక్స్ కార్డు సగానికి కాస్త పైగా మాత్రమే పనిచేస్తూ, మిగతా సమయమంతా ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ఆ రోజే కొత్త కార్డు కొని బిగించి ఉంటే ఆ ఎదురుచూపు మరింత ఖరీదైనదయ్యేది, అంతే.

పాత కంప్యూటర్ల మీద డబ్బు వృథా అయ్యేది చాలావరకు ఇలాగే. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట. అందుకే ఈ మార్గదర్శిలో కొనడం గురించిన మాట సగం దారి దాటాక గాని రాదు. అది వచ్చినప్పుడు కూడా ఒక్క ప్రశ్న పట్టుకుని నడుద్దాం: ఈ భాగం రేపు కొత్త కంప్యూటర్ కట్టుకుంటే అందులోకి తరలి వస్తుందా, ఈ పాత పెట్టెతోనే ఆగిపోతుందా? తరలి వచ్చేదాని మీద ధైర్యంగా ఖర్చు పెట్టవచ్చు. ఆగిపోయేదాని మీద చేయి బిగించాలి.

మొదటి అడుగు: ఖర్చు లేని పనులు

కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు దిగిపోతుంది. మెత్తని బ్రష్షు, గాలి ఊదే బ్లోయర్ ఉంటే చాలు. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది మామూలు కంటే ఎక్కువ వేగంతో గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్‌ను మాత్రం బోర్డు దగ్గరికి రానివ్వకండి, దాని గొట్టం చివర స్థిర విద్యుత్తు పుడుతుంది.

శుభ్రం చేశాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఉష్ణోగ్రతలు చూడండి. గేము ఆడుతుండగా ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి పోతుంటే, అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటూ ఉండవచ్చు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు దాటించే థర్మల్ పేస్టును నాలుగైదేళ్లుగా మార్చకపోతే మార్చే సమయం వచ్చింది. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఏఎమ్4 అనే సాకెట్‌లో (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, మా వాడి రైజెన్‌ది అదే) పెట్టే ప్రాసెసర్లకు 1331 సన్నని పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పాత పేస్టు ఎండి బంకలా పట్టేసినప్పుడు కూలర్‌ను నిటారుగా పైకి లాగితే, సాకెట్ లివర్ బిగించి ఉన్నా సరే, ప్రాసెసర్ దానికి అంటుకుని ఊడి వచ్చేస్తుంది. రెండు పిన్నులు వంగాయంటే ఇక సూదితో, భూతద్దంతో ఒక సాయంత్రం గడిచిపోతుంది. అందుకని ముందు పది నిమిషాలు ఏదైనా బరువైన గేము నడిపి ప్రాసెసర్‌ను వేడెక్కించి, ఆపి, కూలర్ మరలు విప్పి, దాన్ని సీసా మూత తిప్పినట్టు అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. వేడికి మెత్తబడిన పేస్టు పట్టు వదిలేస్తుంది.

తర్వాత ర్యామ్. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే అది ఎంత వేగంతో నడుస్తోందో, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. డీడీఆర్4 తరం ర్యామ్‌ను బిగించి వదిలేస్తే చాలా బోర్డులు దాన్ని 2133 లేదా 2400 దగ్గరే నడుపుతాయి. రాసి ఉన్న వేగం కావాలంటే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్) వెళ్లి ఎక్స్ఎమ్‌పీ అనే సెట్టింగును ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ, ఏఎమ్‌డీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ర్యామ్ కడ్డీలే ఉంటే అవి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లలో ఉండాలి. 1, 2 స్లాట్లలో పక్కపక్కన పెడితే రెండు దారుల్లో పోవాల్సిన డేటా ఒకే దారిలో పోతుంది. ఒకే కడ్డీ ఉన్నా అంతే.

ఇంకో రెండు విషయాలు. వీటిని రాయడానికి నాకే కాస్త సిగ్గు, ఎందుకంటే ఒకటి నేనే చేశాను. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించి ఉందా, పైన మదర్‌బోర్డు సాకెట్‌లో ఉందా చూడండి. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కుని విండోస్ డిస్‌ప్లే సెట్టింగులో 60 హెర్ట్జ్‌గానే వదిలేశారేమో చూడండి. నేను దాదాపు ఒక ఋతువంతా అలా ఆడి, మానిటర్ గొప్పతనం గురించి స్నేహితులకు చెప్పాను కూడా.

రెండో అడుగు: ఎక్కడ ఆగుతోందో కొలవడం

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ అనే కొలిచే ప్రోగ్రామ్‌లు ఉచితం, గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తాయి. గేము తెర మూలన ఈ అంకెలు కనిపించేలా పెట్టుకోండి: గ్రాఫిక్స్ కార్డు వాడకం, దాని మెమరీ, ప్రాసెసర్ ఒక్కో థ్రెడ్ (అది ఒకేసారి నడపగలిగే పనుల వరుసల్లో ఒకటి) వాడకం, ర్యామ్, సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు), ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం. గేములో వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఫ్రేముల పరిమితి రెండూ తీసేయండి. అవి ఉంటే అన్ని అంకెలూ అబద్ధం చెబుతాయి. మీరు నిజంగా ఆడే గేమునే, బాగా రద్దీగా ఉండే చోట, కనీసం అరగంట ఆడండి. సమీక్షల్లో చూపించే గేము కొలత మీకు పనికిరాదు.

గ్రాఫిక్స్ కార్డు 95 శాతానికి పైగా నిలకడగా ఉంటే అడ్డు అక్కడే. అది 60, 70 దగ్గర ఊగుతూ ఫ్రేములు చాలకపోతే అడ్డు ప్రాసెసర్‌ది. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. "ప్రాసెసర్ వాడకం 40 శాతమే కదా, అది ఖాళీగానే ఉంది" అనుకుంటారు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. గేము ప్రధాన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది కాబట్టి అవి నిండితే మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. ఒక్కో థ్రెడ్‌ను విడిగా చూడమన్నది ఇందుకే.

అనుమానం తీరకపోతే తేలికైన పరీక్ష ఒకటుంది. రిజల్యూషన్‌ను బాగా తగ్గించి అదే చోట ఆడండి. ఫ్రేములు ఎగిరి గంతేస్తే గ్రాఫిక్స్ కార్డు బరువు తగ్గిందని, అంటే అడ్డు అదేనని. బొమ్మ మసకబారినా ఫ్రేములు కదలకపోతే ప్రాసెసర్, లేదా దానికి అన్నం అందించే ర్యామ్.

సగటు ఫ్రేములు బాగానే ఉండి కూడా ఆట కుదుపులుగా అనిపిస్తే ఫ్రేము సమయం గీతను చూడండి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్క ఫ్రేము 80 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు చెక్కు చెదరదు, కన్ను మాత్రం పట్టేస్తుంది. ఆ క్షణంలో డిస్క్ వాడకం 100 శాతానికి వెళ్తే హార్డ్ డిస్క్ దోషం. ర్యామ్ అంచుదాకా నిండితే ర్యామ్ చాలడం లేదు. కార్డు మెమరీ నిండిపోతే గోడల మీది బొమ్మలు మసకగా కనిపించి ఆలస్యంగా తేటపడతాయి.

అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. భాగం మార్చాక పోల్చుకోవడానికి అదే సాక్ష్యం.

మూడో అడుగు: మీ యంత్రానికి ముందున్న గడువులు

కొలత ఒక లెక్కైతే, కాలం ఇంకో లెక్క. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి భద్రతా అప్‌డేట్లు మాత్రం, ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే, 2026 అక్టోబర్ వరకు అందేలా ఏర్పాటు చేశారు. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎమ్ 2.0 (భద్రతా తాళాలు దాచే ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మదగిన ప్రోగ్రామ్‌తోనే యంత్రం తెరుచుకునే ఏర్పాటు), ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఉన్న ప్రాసెసర్ కావాలి. గ్రాఫిక్స్ వైపు కూడా గడియారం నడుస్తోంది: జీటీఎక్స్ 900, 1000 వరుసల కార్డులకు కొత్త గేముల కోసం డ్రైవర్లు తేవడం ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇక భద్రతా సవరణలే. అదీగాక రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) సౌకర్యం లేని కార్డు మీద అసలు తెరుచుకోని పెద్ద గేములు 2024 చివర నుంచి రావడం మొదలైంది.

అలాగని ఇవాళే అన్నీ పారేయనక్కర్లేదు. కానీ విండోస్ 11 ఎక్కని ప్రాసెసర్‌కు ర్యామ్, కూలర్ అంటూ ఖర్చు పెట్టే ముందు ఈ గడువులు గుర్తుండాలి.

నాలుగో అడుగు: భాగాలు, ఒక్కొక్కటిగా

ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్) గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. గేములు ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే ముందు దీన్నే మార్చండి. హార్డ్ డిస్క్ ఒక్కో చిన్న ఫైలును వెతకడానికి పది మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది, ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. పాత తరం సాటా కనెక్షన్ ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ, కొత్త తరం ఎన్‌వీఎమ్ఈ రకం 3,500 ఎంబీ, ఆపైన కూడా ఇస్తాయి. కాగితం మీద తేడా పెద్దదే గాని చాలా గేముల్లో అది కొన్ని సెకన్లే. బోర్డు మీద ఎమ్.2 అనే సన్నని ఎస్ఎస్‌డీ స్లాట్ ఉంటే అది ఎన్‌వీఎమ్ఈనా, సాటా మాత్రమేనా అన్నది బోర్డు పుస్తకంలో చూసి కొనండి. అది నిండితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా సాకెట్లు పనిచేయడం మానేస్తాయి. కొత్త యంత్రంలోకి తరలి వచ్చే భాగమే కాబట్టి పెద్దదే తీసుకోండి.

ర్యామ్ ఇప్పుడు 16 జీబీ కనీసం, 32 ఉంటే హాయి. కానీ 2025 చివర నుంచి డేటా కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. అందుకే 16 జీబీ రెండు కడ్డీలుగా ఉండి, కొలతలో అది నిండడం లేదని తేలితే అక్కడితో ఆగండి. మీ దగ్గరున్న డీడీఆర్4 ర్యామ్‌కు ఇప్పుడు కొత్త విలువ వచ్చింది, అదెలాగో మదర్‌బోర్డు దగ్గర చెబుతాను. వేరే రకం కడ్డీ కలిపితే రెండూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. కలిపిన తర్వాత ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడిపి తప్పులు లేవని చూసుకోండి.

పవర్ సప్లై. ఎవరికీ దీని మీద మోజు ఉండదు. మొత్తం యంత్రం ప్రాణం మాత్రం దాని చేతుల్లోనే ఉంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లను నమ్మకండి, పక్కనున్న పట్టీని చదవండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావాల్సింది 12 వోల్టుల దారి. పట్టీలో 12 వోల్టుల కింద 25 ఆంపియర్లని ఉంటే 12ను 25తో గుణించండి: 300 వాట్లు. పైన 500 అని ఉన్నా సరే, మీ గేమింగ్‌కు దక్కేది ఆ 300. మరో సంగతి, 80 ప్లస్ ముద్ర చెప్పేది విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందన్నదే. లోపలి నాణ్యతకు అది హామీ కాదు. వారంటీ ఎన్నేళ్లన్నది అంతకంటే నిజాయితీగా మాట్లాడుతుంది.

లెక్క ఎలా వేయాలంటే: గ్రాఫిక్స్ కార్డు అధికారిక వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా లాగే వాట్లు, మిగతా అన్నిటికీ ఒక 50. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060కు 115, రైజెన్ 5 5600కు 76, మిగతావి 50, మొత్తం 241. కార్డులు క్షణకాలం పాటు తమ లెక్కకు మించి లాగుతాయి కాబట్టి దీనికి మంచి 450 లేదా 550 వాట్ల పవర్ సప్లై పెట్టుకుంటే నిశ్చింత. మీది ఎనిమిదేళ్లు దాటిందంటే, పనిచేస్తున్నా సరే, కొత్త కార్డుతో పాటే మార్చండి.

నా చేయి కాలిన సంగతి ఒకటి చెబుతాను. తీగలు విడిగా ఊడి వచ్చే రకం పవర్ సప్లైని మార్చేటప్పుడు, పాత తీగలు ఎలాగూ డిస్కులకు బిగించి ఉన్నాయి కదా అని వాటి రెండో కొసను కొత్త పవర్ సప్లైకి తగిలించాను. చక్కగా పట్టింది. స్విచ్ వేయగానే చిన్న చిటపట, కాలిన వాసన, రెండు డిస్కులు పోయాయి. తీగకు డిస్క్ వైపు కొస అందరికీ ఒకటే. పవర్ సప్లై వైపు కొసలో ఏ పిన్ను ఏమిటన్నది తయారీదారు ఇష్టం. ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడళ్లకు కూడా కలవదు. పవర్ సప్లై మారితే దాని తీగలన్నీ మారాలి. ఈ ఒక్క పేరా గుర్తుంచుకున్నా చాలు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో కొనే ముందు ఒక ఉపాయం ప్రయత్నించండి. గేములో ఎఫ్ఎస్ఆర్ అనే సెట్టింగు ఉంటే ఆన్ చేయండి. అది బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసి చూపుతుంది, పాత జీటీఎక్స్ కార్డుల మీదా నడుస్తుంది. ఎన్విడియా వారి ఇలాంటి ఉపాయం డీఎల్ఎస్ఎస్ అయితే ఆర్‌టీఎక్స్ 20 వరుస నుంచి ఉంది. ఇంకో ఏడాది నెట్టుకురావడానికి ఇదే చాలిన సందర్భాలున్నాయి.

కొనాల్సిందే అయితే పేరు కంటే ముందు నాలుగు సంగతులు చూడాలి. మొదటిది కార్డు మెమరీ. 1080పీ (1920 x 1080 చుక్కల తెర) ఆటకు ఇవాళ 8 జీబీ కనీసం, దాన్ని తర్వాతి యంత్రానికీ తీసుకెళ్లాలంటే 12 లేదా 16. ఒకే పేరుతో రెండు మెమరీలు అమ్ముతారని మరచిపోకండి, ఒక్కోసారి తేడా మెమరీతో ఆగదు: ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకానికి కోర్లు కూడా తక్కువే.

రెండోది లేన్లు. కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారులివి. కార్డు స్లాట్ పొడవుగా ఉన్నంత మాత్రాన దారులన్నీ వాడుకుంటుందని లేదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వాడుకునేది నాలుగే. ఈ దారుల ప్రమాణం పేరు పీసీఐఈ, దాని 4.0 తరం బోర్డులో అవి సరిపోతాయి. పాత యంత్రాల్లో ఉండే 3.0 బోర్డులో ఆ దారి వెడల్పు సగమైపోయి, దానికున్న 4 జీబీ మెమరీ నిండగానే ఆట కుంటుతుంది. చవక కార్డు కొనేది పాత యంత్రం ఉన్నవాళ్లే, వాళ్లకే అది అచ్చిరాదు! ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, 5060 ఎనిమిది లేన్ల కార్డులు. 3.0 బోర్డులో వాటికి నష్టం సాధారణంగా కొద్దిపాటిదే, మెమరీ నిండినప్పుడు మాత్రం తెలుస్తుంది. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060కు పూర్తి పదహారు ఉన్నాయి. పాత బోర్డుకు ఇప్పటికీ నాకు నచ్చే జోడీ అది.

మూడోది రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు ఇది ఉండి తీరాలి, మీ బోర్డు బయోస్‌లో ఆ సెట్టింగు లేకపోతే ఆర్క్ జోలికి పోకండి. ఆర్క్ బీ580 కొత్త ప్రాసెసర్‌తో మంచి కార్డే, పాత ప్రాసెసర్‌తో మాత్రం దాని డ్రైవర్ భారం వల్ల వెనకబడుతుంది. నాలుగోది పొడవు, కరెంటు. టేపుతో క్యాబినెట్ లోపల కొలవండి. స్లాట్ ద్వారా 75 వాట్లు, 6 పిన్నుల తీగ ద్వారా 75, 8 పిన్నుల తీగ ద్వారా 150 అందుతాయి. ఆఫీసుల నుంచి వచ్చిన చిన్న పెట్టెల్లో అసలు తీగే ఉండదు. అలాంటివాటికి తీగ అక్కర్లేని 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లాంటివే దిక్కు, అదీ పెట్టె ఎత్తుకు సరిపోయే పొట్టి రకం దొరికితే.

ఇక ప్రాసెసర్. ఏఎమ్4 బోర్డు ఉన్నవారు అదృష్టవంతులు. 2017లో తొలి రైజెన్ ఎక్కిన ఆ సాకెట్‌లోనే 2020 చివర్లో వచ్చిన రైజెన్ 5000 వరుస కూడా కూర్చుంటుంది, బోర్డు కంపెనీ బయోస్ అప్‌డేట్ ఇచ్చి ఉంటే. బీ350 లాంటి తొలి బోర్డులకు కూడా చాలావాటికి 2022లో ఆ అప్‌డేట్లు వచ్చాయి. మా వాడి 1600కూ 5600కూ కోర్లు 6, థ్రెడ్లు 12. అంకెలు అవే, లోపలి నిర్మాణం మాత్రం మూడు మెట్లు పైది, గేముల్లో తేడా చూడగానే తెలుస్తుంది. పైగా 5600 విండోస్ 11 జాబితాలో ఉంది. ఒక్క ముక్క మార్పుతో రెండు సమస్యలూ తీరినట్టు. పేర్ల దగ్గర జాగ్రత్త: 5500, 5600జీ వినడానికి 5600కు అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ వాటి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) 16 ఎంబీ, దీనిది 32. అవి పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతాయి కూడా. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ గేములకు ఈ సాకెట్‌లో రాజు. కానీ ఇది ఆగిపోయే భాగం, దానికి రాజు ధర పెట్టేబదులు ఆ డబ్బు కార్డులో పెడతాను నేను.

ఇంటెల్ వారికి ఇంత వెసులుబాటు లేదు. 6, 7 తరాలు ఒక జత, 8, 9 ఇంకో జత. సాకెట్ పేరు రెంటికీ ఎల్‌జీఏ 1151 అయినా ఒకదాని బోర్డులో ఇంకోటి అధికారికంగా పనిచేయదు. 10, 11కు ఎల్‌జీఏ 1200, 12 నుంచి 14 దాకా ఎల్‌జీఏ 1700. 7వ తరం ఐ5 బోర్డులో మీరు ఎక్కగలిగిన చివరి మెట్టు 4 కోర్ల ఐ7 7700 'కే' రకం, దానికీ విండోస్ 11 అర్హత లేదు. దాని మీద పెట్టింది బూడిదలో పోసిన పన్నీరే.

వాడిన భాగాలు కొనేవారికి

వాడిన కార్డును నడుస్తుండగా చూడకుండా కొనకండి. పావుగంట బరువైన పరీక్ష నడిపించి మూడు చూడండి: తెర మీద చుక్కలు, చారలు వస్తున్నాయా, ఫ్యాన్లు గరగరలాడుతున్నాయా, కార్డు ఉష్ణోగ్రతకూ దాని హాట్‌స్పాట్‌కూ (చిప్పులో అన్నిటికంటే వేడి చోటు) మధ్య తేడా 25 డిగ్రీలు దాటుతోందా. దాటితే లోపలి పేస్టు పని అయిపోయింది. అది బాగుచేయగలిగినదే, బేరానికి పనికొస్తుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలా నకిలీ ఎన్విడియా కార్డులను పట్టి ఇస్తుంది. పాత చిప్పు మీద కొత్త పేరు రాసి అమ్మడం ఎప్పటి నుంచో ఉన్న వ్యాపారం. క్రిప్టో నాణేల మైనింగ్‌లో వాడిన కార్డంటే చాలామంది పారిపోతారు. నేనంత భయపడను. నిలకడగా నడిచిన చిప్పు కంటే ముందు అరిగేది ఫ్యాను, థర్మల్ ప్యాడ్లు. వాటికయ్యే ఖర్చును ధరలో తగ్గించుకుంటే సరి.

వాడిన పవర్ సప్లై వద్దు. ఇంటెల్ 13, 14 తరాల ఐ5 'కే' రకం (పేరు చివర ఆ అక్షరం ఉన్నవి) నుంచి పైన ఉన్నవి వాడినవి కొంటుంటే ఆలోచించండి. వోల్టేజీ సమస్యతో అవి క్రమంగా అస్థిరంగా మారేవి. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది గాని అప్పటికే దెబ్బతిన్న చిప్పును అవి బాగుచేయలేవు.

మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే

మదర్‌బోర్డు మారిందంటే అది మరమ్మతు అనిపించుకోదు, కొత్త కాపురమే. ప్రాసెసర్, బహుశా ర్యామ్, ఒక్కోసారి విండోస్ లైసెన్సు కూడా దాంతో మారతాయి. అయినా క్యాబినెట్, ఎస్ఎస్‌డీ, కార్డు, మానిటర్, కొత్తదైతే పవర్ సప్లై మీతోనే వస్తాయి. పూర్తి పెట్టె కొనే ముందు ఆ లెక్క వేసుకోండి.

ఇక్కడ రెండు దారులు. ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 తీసుకునే బీ660, బీ760 బోర్డులున్నాయి. వాటికి 6 కోర్ల ఐ5 12400ఎఫ్ పెడితే మీ పాత ర్యామ్ అలాగే పనికొస్తుంది. నేను ఇందాక చెబుతానన్న విలువ ఇదే. రెండోది ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5. డీడీఆర్5 కొనక తప్పదు, ఖర్చు ఎక్కువ, కానీ ఆ సాకెట్‌కు 2027 దాటి కూడా కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎమ్‌డీ ప్రకటించింది. మెమరీ ధరలు ఇలా ఉన్నంతకాలం, మంచి డీడీఆర్4 చేతిలో ఉన్నవారికి నా ఓటు మొదటిదానికే.

మార్చే రోజు

ముందు రోజే ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ మారినా, బయోస్ మారినా టీపీఎమ్ యంత్రాన్ని గుర్తుపట్టక విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే మీ డేటాకు మీరే పరాయివారు. మదర్‌బోర్డు మారుస్తుంటే విండోస్ లైసెన్సును ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకు జత చేయండి.

కొత్త ప్రాసెసర్ కోసం బయోస్ అప్‌డేట్‌ను పాత ప్రాసెసర్ ఇంకా లోపలే ఉండగా చేయాలి. చాలామంది ఉత్సాహంలో ఈ వరుస తప్పి, నల్లటి తెర చూస్తూ పాత ప్రాసెసర్‌ను మళ్లీ బిగిస్తారు. ఫైలును ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బోర్డు కంపెనీ చెప్పిన మధ్య మెట్టు అప్‌డేట్లు ఏమైనా ఉంటే వాటిని దాటేయకుండా, కరెంటు పోదన్న నమ్మకం ఉన్నప్పుడు చేయండి.

ఆ తర్వాత పని ఒక్కొక్క భాగంగా చేయండి. ఒకటి మార్చి, ఆన్ చేసి, గంటసేపు ఆడి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు ఏ ముక్కదో తేలదు. లోపల చేయి పెట్టే ప్రతిసారి ముందు క్యాబినెట్ లోహాన్ని తాకండి. ప్రాసెసర్ మూల మీది బంగారు త్రిభుజం సాకెట్ మీది గుర్తుకు ఎదురుగా వస్తే అది తన బరువుతోనే దిగుతుంది, నొక్కాల్సిన అవసరం వచ్చిందంటే ఏదో తప్పు. పేస్టు బఠాణీ గింజంత చాలు. కార్డు కంపెనీ మారితే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్లను పూర్తిగా తీసేయండి. బయోస్ అప్‌డేట్ సెట్టింగులన్నీ మొదటికి తెస్తుంది కాబట్టి ఎక్స్ఎమ్‌పీని మళ్లీ ఆన్ చేయడం మరచిపోకండి.

చివరగా ఆ కాగితం తీసి, అదే గేములో అదే చోట మళ్లీ కొలవండి. మా వాడి యంత్రంలో దుమ్ము తీసి, పేస్టు మార్చి, ఎస్ఎస్‌డీ, 5600 పెట్టాక 1060 కార్డు తొలిసారి 98 శాతం చూపించింది. ఇప్పుడు అడ్డు కార్డుదే. "మరి ఇప్పుడు కొనచ్చా మామయ్యా?" అన్నాడు. ముందు పవర్ సప్లై పట్టీ చదివి ఆంపియర్లు చెప్పమన్నాను.